నేను చెప్తున్న గద

జనగామలో బస్సు దిగి రోడ్డు దాటుతుంటే కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలోంచి ఆయన నన్ను చూసి నవ్వాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, జేబులోంచి సగం బయటికి కనిపించే ఫోను, నుదుట బొట్టు, జోడించిన రెండు చేతులు. కింద దశదినకర్మకు రమ్మని పెద్ద అక్షరాలు, అంతకంటే పెద్ద అక్షరాల్లో 'పదిమంది మేలు కోరిన మనిషి' అని. నేను చప్పున మొహం తిప్పుకున్నాను. భూపాలపల్లి నుంచి అంతసేపు బస్సులో కూచున్న చిరాకు అని సర్దిచెప్పుకోబోయాను కానీ, కాదు. అది ఆ నవ్వు చూసి వచ్చిన రోతే.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఆ రోజు ఆయన ఇంటి ముందు వేసిన టెంటు కింద కూచున్నవాళ్ళు చారెడుతో ఆగలేదు, చేటంత చేశారు. అడగకముందే వచ్చేవాడని ఒకరు, ఎవరింట్లో కష్టమున్నా ఆయనకు నిద్రపట్టేది కాదని ఇంకొకరు. అవన్నీ నిజాలే. అడగకుండానే వచ్చేవాడు. ఆయనకు నిద్రపట్టకపోతే మనల్నీ పడుకోనిచ్చేవాడు కాదు. నేను మటన్ ముక్కలు విస్తరి అంచుకు నెట్టి, ఉత్త పెరుగన్నం తిని లేచాను.

ఆయన మా నాయినకు అన్న, నాకు పెద్దబాపు. కొడకండ్ల దగ్గర పొలాలు, జనగామలో ఇల్లు. ఒకసారి సర్పంచుగా గెలిచి రెండుసార్లు ఓడిపోయాడు. ఊళ్ళో పోయిన పెత్తనాన్ని చుట్టాల మీద చేసుకునేవాడు. మా ఇళ్ళల్లో ఎవరికి జ్వరమొచ్చినా డాక్టరు కంటే ముందు ఆయనకు తెలియాలి. తెలియకపోతే అలిగేవాడు, ఆ అలక తీర్చడానికి జ్వరంతో ఉన్న మనిషే ఫోను చేయాలి. చెప్పులు గడప దగ్గర విడవడు, హాలు మధ్య దాకా వచ్చి అక్కడ విడుస్తాడు. సోఫాలో కూచోగానే ఫోను తీసి, తాను బాగుచేయించిన మనుషుల ఫోటోలు చూపిస్తాడు. ఫలానావాడికి పక్షవాతం, ఫలానా ఆమెకు గర్భసంచిలో గడ్డ, వీళ్ళందరినీ ఎక్కడెక్కడికో తీసుకుపోయి నయం చేయించానంటాడు. ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే ఒకటే మాట: "నేను చెప్తున్న గద." అది జవాబు కాదు, తలుపు మూసిన చప్పుడు. ఆ తర్వాత రెండో మాట: "చెప్పు, గిండ్ల నాకేం అక్కెర?"

నిజంగానే ఆయనకు ఏ అక్కరా లేదు. ఒక్క రూపాయి ఆశించలేదు. నాకు అన్నిటికంటే అసహ్యం కలిగించేది అదే. మోసగాణ్ణి తిట్టడం సులువు. మేలు చేయడానికి వచ్చినవాణ్ణి ఏమని తిడతాం?

ఇంకొకటి ఉంది, ఆయన చెయ్యి. చిన్నపిల్లలు కనిపిస్తే బొటనవేలు, చూపుడువేలు మధ్య చెంపను పట్టి లాగి, ఆ వేళ్ళను తన పెదాలకు ఆనించుకుని ముద్దుపెట్టుకునేవాడు. కిళ్ళీ నమిలిన పెదాలు, ఎర్రబారిన వేళ్ళు. పిల్లలు చెంప తుడుచుకుంటే "సిగ్గు" అనేవాడు.

మా హాసినికి ఎనిమిదో ఏట కీళ్ళవాతం వచ్చింది. ముసలివాళ్ళకు వచ్చేది కాదు, పిల్లలకు వచ్చేది వేరే. ఒంటిని కాపాడవలసిన శక్తే పిచ్చెక్కి ఒంటి మీద పడుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఇంటి కుక్క ఇంటివాళ్ళనే కరిచినట్టు అని నేను అర్థం చేసుకున్నాను. పొద్దున లేచేసరికి మోకాళ్ళు, చీలమండలు బిగుసుకుపోయేవి. బాత్రూముకు ఎత్తుకుని పోవాలి. వేడినీళ్ళు పోసి, కాళ్ళు రాసి, ఒక గంట గడిస్తే నడుస్తుంది. మధ్యాహ్నానికి అందరితో పాటు పరుగెత్తుతుంది. ఈ జబ్బుకున్న పెద్ద దరిద్రం అదే. పొద్దున చూసినవాళ్ళు అయ్యో అంటారు, మధ్యాహ్నం చూసినవాళ్ళు నకరాలంటారు. పొద్దున చూసేది నేనొక్కదాన్నే, మధ్యాహ్నం చూసేది ఊరంతా. బడికి పోవడం ఇష్టంలేక నాటకాలాడుతోందని వాళ్ళ టీచరు నాకే చెప్పింది, నేనూ టీచరునేనని తెలిసి కూడా.

మందు వారానికి ఒకసారి. శనివారం సాయంత్రం, పసుపుపచ్చని చిన్న మాత్రలు. వాటికి పిల్లకు ఒకటే వాంతులు. రెండు నెలలు తిరిగేసరికి మాత్ర మింగనక్కర్లేదు, ఆ రంగు చూస్తేనే ఓకరించేది. పులిహోర చూసి ఓకరించింది. ఒకసారి నేను పసుపు చీర కట్టుకుంటే నా దగ్గరికి రాలేదు. శనివారం వస్తోందంటే శుక్రవారం నుంచే నాకు గుండె దడ. నేను దాన్ని కాళ్ళ మధ్య ఇరికించుకుని, ముక్కు మూసి, దవడ నొక్కి, మాత్ర నాలుక వెనక్కి తోసేదాన్ని. అది నా వేలు కొరికేది. రేగొండ బడిలో పిల్లల మీద చెయ్యెత్తకూడదని సాటి టీచర్లకు పాఠాలు చెప్పే నేను ఇంటికొచ్చి ఈ పని చేసేదాన్ని. మా ఆయన గనిలో షిఫ్టు చేసి వచ్చి, చూడలేక బయటికి పోయేవాడు.

దీనికి తోడు మూడు నెలలకోసారి హన్మకొండలో కంటి డాక్టరు. ఈ జబ్బు నొప్పి తెలియకుండా కంట్లోకి కూడా పాకుతుందని, తప్పకుండా చూపించమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

అలాంటి ఒక శనివారం పెద్దబాపు మా ఇంట్లో ఉన్నాడు. కోడికూర తిని, మూలగ కోసం బొక్కను చప్పుడు చేస్తూ పీలుస్తూ, నేను పిల్లకు మాత్ర వేయడం చూశాడు. బొక్క పక్కన పెట్టి, ఎంగిలి చేత్తోనే నా చేతిలోంచి మాత్ర లాక్కున్నాడు.

"ఏందిది బిడ్డా, పసిపిల్లను గిట్ల చంపుతున్నవ్? గిది మందు గాదు, పగ."

కంటి డాక్టరు సంగతి చెబితే నవ్వాడు. "బోడిగుండుకు మోకాలికి ముడేసినట్టున్నది మీ డాక్టరు యవ్వారం. కాళ్ళ నొప్పులకు కండ్లేం జేసినయ్?" అన్నాడు. గంగారం దాటి అడవిలో ఒక మందాయన ఉన్నాడు, నడవలేనివాళ్ళను నడిపిస్తున్నాడు, ఆదివారం తీసుకుపోతానన్నాడు. నేను చెప్తున్న గద అన్నాడు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆయన నన్ను బలవంతపెట్టలేదు. పెద్దవాడని గౌరవించి ఒప్పుకున్నానని చాలామందితో అన్నాను కానీ అదీ కాదు. ఇక శనివారాలు ఉండవు అన్న మాట నాకు తియ్యగా వినిపించింది. అంతే.

మానుకోట నుంచి జీపు మాట్లాడాడు. ముందు సీటులో కూచుని పెళ్ళికి తరలినట్టు బయల్దేరాడు. అడవి మధ్యలో ఒక రేకుల షెడ్డు, దాని ముందు కార్లు, ఆటోలు, మంచాల మీద మోసుకొచ్చిన మనుషులు. మందాయన ఆ ప్రాంతంవాడు కాదు, ఎక్కణ్ణించో వచ్చి దిగినవాడు. పిల్ల కాళ్ళు ముట్టుకోనైనా లేదు. పెద్దబాపును మాత్రం పేరుపెట్టి పలకరించాడు, దానికే ఈయన పొంగిపోయాడు. బూడిదరంగు పొడి ఒక డబ్బాలో పోసి ఇచ్చాడు. పొద్దున పళ్ళు తోమకముందు తేనెతో నాకించాలి. పత్యం గట్టిగా ఉండాలి, అంటే వంకాయ, గోంగూర, చేప, గుడ్డు, చింతపండు ఏవీ తగలకూడదు. అన్నిటికంటే ముందు ఇంగ్లిషు మందు బంద్.

షెడ్డు పక్కన చాయ్ అమ్మే ఆమె ఆ ఊరిదే. పిల్లకు నీళ్ళిస్తూ మా వైపు అదోలా చూసింది. మీరూ ఈయన మందే వాడతారా అని ఊరికే అడిగాను.

"మేం తినమమ్మా. మాకు జెరమొస్తే గంగారం దవాఖానకు పోతం. గీయన మందు కార్లల్ల వచ్చెటోళ్ళకే," అంది.

పెద్దబాపు విని పకపకా నవ్వాడు. అడవిలో ఉండేవాళ్ళకు ఏం తెలుసన్నాడు. నేనూ నవ్వాను. పీజీ చదివిన దాన్ని, ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నా మొహం మీద నాకే ఉమ్మాలనిపిస్తుంది.

నాలుగో రోజు పొద్దున హాసిని తనంతట తాను మంచం దిగి, వంటింట్లోకి నడిచి వచ్చింది. నా చేతిలో గరిటె జారిపోయింది. నేను ఏడ్చాను, పెద్దబాపుకు ఫోను చేసి మళ్ళీ ఏడ్చాను. నెల తిరిగేసరికి పిల్ల చెంపలు నిండాయి. రెండో నెలకు మొహం గుండ్రంగా, నున్నగా, పూరీలా పొంగింది. తెగ తినేది. కండ పట్టిందని స్టాఫ్‌రూములో అందరూ మెచ్చుకున్నారు. పెద్దబాపు వచ్చినప్పుడల్లా ఆ చెంపలు లాగి, వేళ్ళు ముద్దుపెట్టుకుని, చూడండి అన్నట్టు అందరివైపూ తిరిగేవాడు. కంటి డాక్టరు దగ్గరికి ఆ నెలలో పోవాల్సింది, పోలేదు. తర్వాతి మూడు నెలలకూ పోలేదు. బాగైన పిల్లను డాక్టరు చుట్టూ తిప్పడం దేనికి?

ఆయన మనవడి పుట్టువెంట్రుకలు జనగామలో ఒక ఫంక్షన్ హాల్లో చేశారు. భోజనాలయ్యాక, మిట్టమధ్యాహ్నం, హాలు ముందు ఖాళీ జాగాలో కుర్చీలేసుకుని కూచున్నారు అందరూ. పెద్దబాపు హాసినిని పిలిచి మధ్యలో నిలబెట్టాడు. ఏడాది కింద దీన్ని ఎత్తుకుని తిప్పారు, ఇప్పుడు చూడండి అని చెప్పి, గుంజీలు తీయమన్నాడు. పది. పిల్ల చెవులు పట్టుకుని కూచుంది, లేచింది. జనం లెక్కపెట్టారు, చప్పట్లు కొట్టారు. సంతలో పశువు పళ్ళు చూసినట్టు ఒకాయన వచ్చి మోకాలు ఒత్తి చూశాడు. మధ్యలో పిల్ల ఆగి ఎండ కండ్లల్లో గుచ్చుతోందంది. ఏం కాదు, నేను చెప్తున్న గద అని ఆయన మిగతావీ తీయించాడు. ఈ ముక్క నేను ఎంతమందికి చెప్పానో గుర్తులేదు. మా ఆయనకు, డాక్టరమ్మకు, మా చెల్లెళ్ళకు, స్టాఫ్‌రూములో, కాస్త పెద్దదయ్యాక హాసినికే. ఆ పిల్ల అప్పుడే చెప్పింది, ఆయన విననియ్యలేదు. చెప్పిన ప్రతిసారీ విన్నవాళ్ళు తల ఆడించేవాళ్ళు.

అయిదో నెలలో మందాయన షెడ్డు ఎత్తేసి ఎటో పోయాడు. పొడి అయిపోయింది. వారం తిరగకుండానే హాసిని మంచం పట్టింది. ఈసారి మోకాళ్ళే కాదు, మోచేతులు, వేళ్ళు, దవడ కూడా. అన్నం ముద్ద పట్టేంత నోరు తెరవలేకపోయేది. మంచినీళ్ళు తాగించినా కక్కేది.

హన్మకొండలో డాక్టరమ్మ పిల్ల కాళ్ళ వైపు చూడలేదు. తలుపు తీసుకుని మేం లోపలికి వస్తుండగానే చెంపలు చూసింది.

"ఏం పొడి పెడుతున్నరు పిల్లకు?" అని అడిగింది.

ఆ పొడుల్లో స్టెరాయిడ్ కలుపుతారని, అది నొప్పిని వెంటనే అణచేస్తుందని, కండ అనుకున్నది కండ కాదని, మొహం మీద వాపని చెప్పింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ముందు కంటికి చూపించి రండి అంది. కంటి డాక్టరు పిల్ల కుడికన్ను మూసి గోడ మీద అక్షరాలు చదవమన్నాడు. ఏ గోడ అని అడిగింది హాసిని.

మోకాళ్ళు మెల్లగా దారికొచ్చాయి. ఎడమ కన్ను రాలేదు. మసకగా వెలుతురు, నీడలు తెలుస్తాయి, అంతే. ఆర్నెల్లు ముందే వచ్చి ఉంటే ఆ కన్ను నిలిచేదని కంటి డాక్టరు నెమ్మదిగా చెప్పాడు.

పెద్దబాపు దవాఖానకు చూడవచ్చాడు. ద్రాక్షపళ్ళు తెచ్చాడు. పిల్ల మంచం మీదే కూచుని ఆ పళ్ళు ఒక్కొక్కటే తానే నోట్లో వేసుకుంటూ, గింజలు అరచేతిలో ఉమ్ముకుంటూ, నా వైపు చూశాడు.

"పత్యం చెడగొట్టినవ్ బిడ్డా. యాడ్నో గుడ్డు వెట్టి ఉంటవ్."

ఆ మాట చుట్టాలందరికీ చెప్పాడు. నేను పుట్టినరోజుకు కేకు పెట్టాను, అందులో గుడ్డు ఉంటుంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, రెండు రోజులు ఆ కేకు గురించే ఏడ్చాను. అంతటి మాయ ఆయన గొంతులో ఉండేది. మూడో రోజు తెలివి వచ్చింది. అప్పటినుంచి ఆయనతో మాటలు బంద్. ఆయన ఊతపదం కూడా మా ఇంట్లో బంద్. మా ఆయన ఒకసారి క్రికెట్ గురించి వాదిస్తూ నేను చెప్తున్న గద అంటే, ఆ రోజంతా నేను అన్నం తినలేదు.

రెండేళ్ళకు ఆయనకూ మోకాళ్ళు అరిగిపోయాయి. ఏ అడవికి పోయాడనుకున్నారు? హైదరాబాదులో పెద్ద ఆసుపత్రిలో రెండు మోకాళ్ళూ మార్పించుకున్నాడు. పూటకో గడి ఉన్న మాత్రల పెట్టె జేబులో పెట్టుకుని తిరిగేవాడట, గంట కొట్టినట్టు టైముకు వేసుకునేవాడట. కర్మ రోజు టెంటు కింద ఈ సంగతిని ఆయన క్రమశిక్షణ కింద చెప్పుకుని మెచ్చుకున్నారు. అది వింటూ కూచున్న నా పక్కకు ఆయన పెద్దకోడలు వచ్చి, చేతిలో స్వీటు పెట్టి, "మీ హాసినిని గూడ మామే బాగుచేయించిండు గదా వదినా," అంది. ఆ పిచ్చిదానికి నిజంగా తెలియదు. నేను స్వీటును కాగితంలో చుట్టి, బస్టాండులో చెత్తకుండీలో పడేశాను. ఫ్లెక్సీ కింద నుంచి పోతూ తలెత్తలేదు.

ఇంటికి చేరేసరికి పొద్దు గూకుతోంది. హాసిని హాల్లో బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటోంది. తొమ్మిదో తరగతి ఇప్పుడు. పుస్తకాన్ని కుడివైపు జరుపుకుని, మెడ కాస్త తిప్పి చదువుతుంది. మాత్రలు పోయి ఇప్పుడు వారానికోసారి సూది. తనే కడుపు మీద చర్మం పట్టుకుని పొడుచుకుంటుంది, నన్ను గది బయట ఉండమంటుంది. పులిహోర మాత్రం ఇప్పటికీ తినదు.

వంటింట్లో పీట వేసుకుని కూచుని ఫోను తీశాను. మా చుట్టాల గ్రూపులో పెద్దబాపు కొడుకు నాన్న జ్ఞాపకాలంటూ ఫోటోలు, వీడియోలు పెట్టాడు. ఒక దాంట్లో హాసిని కనిపించింది. ఆ ఫంక్షన్ హాలు, ఆ ఎండ. ఎవరు తీశారో అప్పుడు నేను గమనించలేదు. నా ఒంట్లో కోపం జివ్వున లేచింది. చూడనీ, అందరూ చూడనీ, ఆ పిల్ల చెప్పిందో లేదో, ఆయన ఏమన్నాడో వాళ్ళ చెవులతోనే విననీ అనుకుని నొక్కాను.

హాసిని గుంజీలు తీస్తోంది. నాలుగు, ఐదు అని జనం లెక్కపెడుతున్నారు. పెద్దబాపు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. నోటినిండా కిళ్ళీ, ఒక చెంప ఉబ్బి ఉంది. ఆరో గుంజీ దగ్గర పిల్ల ఆగింది. ఎడమ కన్ను చేత్తో కప్పుకుంది.

"అమ్మా, ఎండ కండ్లల్ల గుచ్చుతున్నది."

ఆయన నోరు తెరవలేదు. కిళ్ళీ ఉమ్మడానికి పక్కకు వంగాడు, అంతే. గాజులేసుకున్న ఒక చెయ్యి వచ్చి, పిల్ల కంటి మీది చేతిని తీసి, మళ్ళీ చెవి మీద పెట్టింది. చెంప పట్టి లాగింది. ఆ వేళ్ళను పెదాలకు ఆనించుకుంది. ఆ పసుపు చీర నాది.

"ఏం కాదు, తియ్యి బిడ్డా. నేను చెప్తున్న గద," అంది నా గొంతు. ఎంత సంతోషంగా ఉందో ఆ గొంతు.

ఏడు, ఎనిమిది అని జనం అందుకున్నారు. నేను ఫోను ఆపేశాను. రెండోసారి నొక్కితే గాని ఆగలేదు.

చప్పట్లు వినిపించినట్టున్నాయి, హాసిని పెన్నుతో సహా వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"గుంజీల వీడియోనా అమ్మా? ఎండ కొడుతున్నదంటె పెద్దతాత ఆపనియ్యలే, గదేనా?"

"ఆ," అన్నాను.

"ఏదీ, నేను చూస్త," అని చెయ్యి చాపింది.

ఫోను బోర్లించి ఒళ్ళో పెట్టుకున్నాను. "అండ్ల చూసెదేం లేదు. నేను చెప్తున్న గద."

పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది.